సాక్ష్యాన్ని తినేసిన ఆరో మనిషి

లోవెల్ బ్రెకీ నోట్లో నాలుక లేని మనిషి. ఇంకెవరికైనా అది మంచి గుణం అయ్యుండేది. లాయరు కావడంతో అది రోగమైపోయింది. మినెసోటా ఉత్తరాన, మొత్తం మీద మూడే ట్రాఫిక్ లైట్లున్న హాల్‌గ్రిమ్ కౌంటీలో ఇరవై ఆరేళ్ళుగా వీలునామాలు, గట్టు తగాదాలు, పడవల అమ్మకం కాగితాలు చూసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. హోటల్లో తనడిగిన సూప్ బదులు పక్క బల్లవాళ్ళ చేపల వేపుడు తెచ్చిపెడితే, "సరిగ్గా ఇదే తిందామనుకున్నాను" అని ముళ్ళు ఏరుకుంటూ తినేవాడు.

నిజానికి మొహమాటం ఆ ఊళ్ళో అందరికీ ఉన్నదే. చర్చి విందులో ఆఖరి కేకు ముక్కను ఎవరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ మిగిలిన సగంలో సగం కోసుకుంటారు. చివరికి పళ్ళెంలో ఈగకు సరిపడా ముక్క మిగులుతుంది. లోవెల్ ఆ ఈగ ముక్కను కూడా సగం కోసేవాడు.

మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. లోవెల్ విషయంలో అయితే అప్పీలు పోయింది. ఏడేళ్ళ క్రితం ఒక కేసులో అవతలి లాయరు సాక్షిని అడగకూడని ప్రశ్న అడిగాడు. లేచి "అభ్యంతరం" అనాల్సిన లోవెల్, పాపం ఆయన మాటకు అడ్డు తగిలితే ఏం బాగుంటుందని, గట్టిగా దగ్గి ఊరుకున్నాడు. కేసు ఓడిపోయి పైకోర్టుకు వెళ్తే అక్కడి జడ్జీలు ఒక్క వాక్యంలో తేల్చేశారు: "దగ్గు అభ్యంతరం కిందికి రాదు." కింది కోర్టులో ఆ క్షణాన నోరు తెరిచి, కారణం చెప్పి, రికార్డులోకి ఎక్కించుకోని మాటను పైకోర్టు వినదు. ఆ ముక్క లా కాలేజీలో మొదటి ఏడాదే చెబుతారు. లోవెల్‌కి అది అక్షరం పొల్లుపోకుండా తెలుసు. తెలిసినా ఏం లాభం, మాట పెదవి దాటాలిగా!

ఇలాంటివాడి ఆఫీసుకు ఒకనాటి పొద్దున మార్లిస్ రింగ్‌డాల్ వచ్చి కూర్చుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. లోవెల్‌కు ఆరేళ్ళప్పుడు ఆదివారం బడిలో పాఠం చెప్పిన టీచరు. ఆవిడ వెనకాలే భర్త ఆర్విడ్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆర్విడ్ మాట్లాడగా విన్నవాళ్ళు ఆ కౌంటీలో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

"ఏరా లోవెల్, రేడియో విన్నావా?"

విన్నాడు. ఊరంతా విన్నది. పొద్దుటి కాఫీ వేళ కార్యక్రమం నడిపే డోడీ క్రెనిక్, కౌంటీ తిరునాళ్ళ గురించి మాట్లాడుతూ తేనె పూసిన గొంతుతో ఇలా అంది: "మార్లిస్ గారి కీరదోస ఊరగాయంటే నాకూ ప్రాణమే. నేనూ ఆ షాపులోనే కొంటాను."

తిరునాళ్ళలో పదకొండుసార్లు మొదటి బహుమతి నీలం రిబ్బను గెలిచిన ఊరగాయ అది. మర్నాటికల్లా చర్చిలో మార్లిస్ పెట్టిన సీసా చుట్టూ జనం గుమిగూడి అడుగు భాగం తిప్పి తిప్పి చూశారు. మూడో రోజున ఎవరో దానిమీద షాపు ధర చీటీ అంటించారు. వారం తిరిగేసరికి తిరునాళ్ళ కమిటీవాళ్ళు వచ్చి, ఈ ఏడాది కాస్త విశ్రాంతి తీసుకోమని మర్యాదగా చెప్పి, మర్యాదగా కాఫీ తాగి వెళ్ళారు.

"దావా వెయ్యి," అంది మార్లిస్. "దాని చేత ఆ రేడియోలోనే క్షమాపణ చెప్పించాలి."

"టీచర్ గారూ, ఒకసారి డోడీతో కూర్చుని మాట్లాడితే..."

"మాట్లాడాను. అది నాకు కాఫీ ఇచ్చింది. పక్కన ఊరగాయ పెట్టింది. షాపుది!"

ఆ మాటకు గుమ్మం దగ్గర ఆర్విడ్ చేతిలోని టోపీ నలిగిపోయింది. దావా పడింది.

విచారణ మే నెలలో, బుధవారం నాడు మొదలైంది. ఆ శనివారమే చేపల వేట కాలం మొదలయ్యే రోజు. ఆ రాష్ట్రంలో అంతకు మించిన పండగ లేదు. జడ్జిగారు బుధవారం పొద్దునే తన పడవను బండి వెనక తగిలించుకుని, కోర్టు ముందే ఆపి వచ్చారు. కిటికీలోంచి అది అందరికీ కనిపిస్తోంది. "శుక్రవారం సాయంత్రానికి ఈ ఊరగాయ సంగతి తేలిపోవాలి" అన్నది ఆయన మొదటి మాట.

ఖూనీ కేసుకైతే పన్నెండు మంది జ్యూరీ. ఇలాంటి సివిల్ తగాదాకు చట్టం ఆరుగురు చాలంటుంది. ఆ ఆరుగుర్ని ఏరడానికే సగం పూట పట్టింది, డోడీ రేడియో వినని మనిషీ, మార్లిస్ ఊరగాయ తినని మనిషీ ఆ కౌంటీలో దొరకడం అంత కష్టం. ఆరోవాడిగా దొరికినవాడు ఓరిన్ ఫ్లేడబో. ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన భారీ మనిషి. మార్లిస్ సాక్ష్యం చెబుతున్నంతసేపూ అతను తలూపుతూనే ఉన్నాడు. డోడీ చెబుతున్నప్పుడు మాత్రం పైకప్పు వైపు చూశాడు. 'ఒకడు మనవైపున్నాడు' అనుకున్నాడు లోవెల్, ప్రాణం లేచొచ్చినట్టయి.

డోడీ తరఫున మినియాపొలిస్ నుంచి ఒక నగరం లాయరు వచ్చాడు. నున్నటి జుట్టు, నున్నటి బూట్లు, నున్నటి మాటలు. మూడు రోజుల్లో ఆయన కనీసం ఇరవై చోట్ల గీత దాటాడు. దాటినప్పుడల్లా మార్లిస్ చేతిలో ఉన్న అల్లిక సూది లోవెల్ తొడలో దిగేది. లోవెల్ సగం లేచి, కుర్చీ సర్దుకుని, మళ్ళీ కూర్చునేవాడు.

శుక్రవారం పొద్దున వాదనలు ముగిసి, ఆరుగురూ సాక్ష్యాల పెట్టెతో సహా లోపలి గదిలోకి వెళ్ళారు. పెట్టెలో కాగితాలు, ఫొటోలు, ఏడో నంబరు సాక్ష్యంగా మార్లిస్ ఊరగాయ సీసా. పదకొండు గంటలకు జ్యూరీ పెద్ద దగ్గర్నుంచి జడ్జిగారికి చీటీ వచ్చింది. ఆయన దాన్ని చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పైకే చదివారు.

"యువరానర్, ఏడో నంబరు సాక్ష్యం సగం అయిపోయింది. ఏం చేయమంటారు?"

ఓరిన్‌ను బయటికి పిలిపించారు. గడ్డం మీద ఊరగాయలో వేసే శతపుష్పి ఆకు ఒకటి అతుక్కుని ఉంది.

"మీరు సాక్ష్యాన్ని తిన్నారా?"

"పరిశీలించానండీ. క్షుణ్ణంగా పరిశీలించమని మీరే కదా చెప్పారు."

"ఎన్ని ముక్కలు పరిశీలించారు?"

"తొమ్మిది. మొదటి రెండింటికి అనుమానం తీరలేదు."

నగరం లాయరు ఎగిరి లేచాడు. "యువరానర్! ఈయన కోర్టు బయట సొంతంగా ఆధారాలు సేకరించాడు. వెంటనే తొలగించాలి!"

"బయటెక్కడ, లోపలే తిన్నాను," అన్నాడు ఓరిన్ చిన్నబుచ్చుకుంటూ. "ఒట్టేసి చెబుతున్నా, ఇది షాపు సరుకు కాదు. ఆవాలు కాస్త మెదిపి వేశారు..."

"చెప్పకండి!"

"...ఒక ఎండుమిరపకాయ కూడా..."

"చెప్పకండన్నానా!" అని బల్ల గుద్దారు జడ్జిగారు. ఓరిన్ని ఇంటికి పంపేశారు. వెళ్తూ వెళ్తూ అతను మార్లిస్‌కి టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు.

ఇక మిగిలింది ఐదుగురు. జడ్జిగారు గడియారం చూశారు. కిటికీలోంచి పడవను చూశారు. మళ్ళీ మొదటినుంచీ ఆరుగుర్ని ఏరి, మూడు రోజుల తంతు మళ్ళీ నడపడమంటే ఆయనకు ఒంట్లో చలి పుట్టింది.

"ఐదుగురితోనే కానిద్దాం," అన్నారు. "చేతికి వేళ్ళెన్ని? ఐదేగా! ఆ చేత్తో లోకంలో పనులు జరగట్లేదూ? ఏమంటారు, ఎవరికీ ఇబ్బంది లేదుగా?"

"మాకు పూర్తి సమ్మతం," అన్నాడు నగరం లాయరు, మనసులో గెంతులేస్తూ.

అందరి కళ్ళూ లోవెల్ మీద పడ్డాయి. లోవెల్ లేచాడు. ఆరుగురు ఉండాలి, ఇద్దరు కక్షిదారులూ ఒప్పుకుంటే తప్ప తగ్గడానికి వీల్లేదు, ఇప్పుడు నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. అంతా తెలుసు. చూపు మాత్రం కిటికీ వైపు పోయింది. జడ్జిగారి పడవకు కొత్తగా వేసిన ఎర్రరంగు ఎండలో మెరుస్తోంది. పాపం, మనవణ్ణి కూడా తీసుకెళ్తానని మాటిచ్చారట.

"ఇది... కాస్త వేరేగా ఉందండీ," అన్నాడు లోవెల్.

ఆ ప్రాంతంలో ఎవరి కూరో నోట పెట్టుకోలేనట్టు ఉంటే, ఎవరి పెళ్ళిబట్టలో చూడలేనట్టు ఉంటే, "వేరేగా ఉంది" అంటారు. అంతకంటే పెద్ద తిట్టు వాళ్ళకు చేతకాదు. జడ్జిగారికి ఆ సంగతి తెలిసినా, ఆ క్షణాన తెలియనట్టుండటమే బాగుందనిపించింది. "మంచిది, కానివ్వండి," అన్నారు.

అల్లిక సూది ఈసారి ఎముక దాకా దిగింది.

"ఏరా, మనవైపున్న ఒక్కగానొక్కణ్ణి గెంటేస్తుంటే వేరేగా ఉందా? వేరేగా?" మార్లిస్ గుసగుస వెనక వరుస దాకా వినపడింది.

"తెలుసు టీచర్ గారూ. కానీ జడ్జిగారి పడవ..."

"పడవ మునగా!"

అప్పుడు కోర్టు స్టెనో జనెల్ మిషను మీదనుంచి చేతులెత్తింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో ప్రతి మాటా రాసిన మనిషి. గోడ వెనక ఎలుక తుమ్మినా రాసిపెట్టగలదు.

"క్షమించండి యువరానర్. బ్రెకీ గారు అన్నది నాకు సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పమనండి."

లోవెల్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ రెప్ప వేయకుండా అతని వైపే చూస్తోంది. పాత కేసులో ఆ దగ్గును "(దగ్గు)" అని రాసింది ఆవిడే. వారం రోజులు బాధపడిందట కూడా.

"అదే... ఆలోచించాల్సిన విషయం అని," అన్నాడు లోవెల్.

"ఆ తర్వాత ఇంకేదో అన్నట్టున్నారు?"

"లేదే."

"అన్నారనిపించింది."

"జనెల్, ఇవాళ నీ చెవులకేమైంది?" అన్నారు జడ్జిగారు విసుగ్గా.

"వయసండీ," అంది నలభై నాలుగేళ్ళ జనెల్. చేతులు మాత్రం దించలేదు. గాలిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

లోవెల్ చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు. మొదట పిల్లి కూన అరుపు లాంటిది వచ్చింది. రెండోసారి వచ్చిన గొంతు ఎవరిదో అతనికే తెలియలేదు.

"అభ్యంతరం, యువరానర్! ఐదుగురు జ్యూరీకి నా కక్షిదారు ఒప్పుకోవడం లేదు. చట్టం ఆరుగురంది. ఆరుగురు లేకపోతే ఈ విచారణ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టండి. రికార్డులో రాయండి!"

జనెల్ వేళ్ళు మిషను మీద వాన కురిసినట్టు కురిశాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కట్ట తెగిన చెరువు ఆగుతుందా? యాభై రెండేళ్ళుగా లోపల నిలవున్నదంతా బయటికి తన్నుకొచ్చింది.

"చేతి వేళ్ళ పోలికకూ అభ్యంతరం! బొటనవేలు వేలు కిందికి వస్తుందో రాదో తేలలేదు. ఆ పడవ అక్కడ కనపడుతుండటానికి అభ్యంతరం! అవతలి లాయరుగారు మూడు రోజులుగా పెన్ను టకటకలాడిస్తున్నారు, దానికి అభ్యంతరం! ఆ గోడగడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది, అభ్యంతరం! వరండాలో కాఫీ కాఫీలా ఉండదు, అభ్యంతరం!"

"లైల్! లైల్! కూర్చోవయ్యా!" అన్నారు జడ్జిగారు నిర్ఘాంతపోయి.

"దానికి అన్నిటికంటే పెద్ద అభ్యంతరం! నా పేరు లోవెల్!"

"నీ పేరు లైల్ కాదా?"

"కాదండీ."

"తొమ్మిదేళ్ళుగా లైల్ అంటున్నాను కదయ్యా! చెప్పవేం?"

"మొహమాటమండీ."

జడ్జిగారు కాగితం మీద ఆ పేరు రాసుకున్నారు. తర్వాత లెక్క చూస్తే మొత్తం పంతొమ్మిది అభ్యంతరాలు. పేరు విషయం తప్ప అన్నింటినీ కొట్టిపారేశారు, మొదటిదాంతో సహా. ఐదుగురూ లోపలికి వెళ్ళి, మూడు గంటలకల్లా డోడీ వైపు తీర్పు చెప్పేశారు. నాలుగింటికి పడవ వెళ్ళిపోయింది.

లోవెల్ మెట్ల మీద కూలబడ్డాడు. మార్లిస్ వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకుంటే, సంచిలోంచి డబ్బా తీసి ఇంకా వెచ్చగా ఉన్న బంగాళాదుంపల హాట్‌డిష్ అనే అక్కడి వంటకం చేతిలో పెట్టింది.

"ఓడిపోయాం టీచర్ గారూ."

"ఓడిపోతేనేం, నోరొచ్చిందిగా. తిను."

అప్పీలు శీతాకాలంలో, పైకోర్టు ఉన్న సెయింట్ పాల్‌లో ముగ్గురు జడ్జీల ముందుకు వచ్చింది. నగరం లాయరు అక్కడ పెద్ద తెలివి ప్రదర్శించాడు. లోవెల్ మొదట "వేరేగా ఉంది" అన్నాడు గనక ఒప్పుకున్నట్టేననీ, తర్వాతి కేకలు లెక్కలోకి రావనీ వాదించాడు. ముగ్గురిలో పెద్దావిడ కళ్ళజోడు పైనుంచి చూసింది.

"మీరెక్కడ పుట్టారు లాయరుగారూ?"

"కాలిఫోర్నియాలోనండీ."

"అదీ సంగతి," అందావిడ పక్క జడ్జి వైపు తిరిగి. ముగ్గురూ తలలూపారు.

తీర్పు నాలుగు పేజీలు. కింది కోర్టు కొట్టేసిన పద్దెనిమిది అభ్యంతరాల్లో పదిహేడింటికి పసలేదన్నారు. కాఫీ గురించి మాత్రం సానుభూతి తెలిపారు. ఐదుగురు జ్యూరీ మీద చెప్పిన ఆ ఒక్కటీ సకాలంలో, స్పష్టంగా, కారణంతో సహా రికార్డులోకి ఎక్కింది. కాబట్టి దాన్ని కాదనలేమన్నారు. నిండుగా ఆరుగురు జ్యూరీతో మళ్ళీ విచారణ జరపమన్నారు.

రెండో విచారణ ఆ తర్వాతి అక్టోబరులో జరిగింది. జడ్జిగారు ఆయనే. ప్రతి వాక్యానికీ ముందు "లోవెల్" అని ఒత్తి పలికారు. కొత్త సీసాకు మూడు చుట్లు టేపు వేసి, పక్కన బంట్రోతును కూర్చోబెట్టారు. లోవెల్ ఇప్పుడు కొత్త మనిషి. నగరం లాయరు గీత దాటితే చాలు, బుట్టలోంచి పాము లేచినట్టు లేస్తున్నాడు. మార్లిస్ అల్లిక సూదితో నిజంగానే స్వెటరు అల్లుకుంటోంది.

ఆవిడ బోనెక్కింది. నగరం లాయరు నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"ఈ ఊరగాయ మీ ఇంట్లో పెట్టిందేనా?"

"మా ఇంట్లోదే."

"మీ చేతులతోనేనా?"

పోయినసారి ఎవరూ అడగని ప్రశ్న. మార్లిస్ చూపు ఆఖరి వరుస వైపు పోయింది. లోవెల్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఆర్విడ్ టోపీని ముఖం మీదికి లాక్కున్నాడు. లోవెల్ గభాల్న లేచాడు.

"అభ్యంతరం! చేతులంటే ఏ చేతులో స్పష్టంగా లేదు."

"కొట్టేశాను, లోవెల్."

"చూడు బాబూ," అని మొదలుపెట్టింది మార్లిస్.

"అభ్యంతరం!"

"లోవెల్, నీ సాక్షి జవాబుకు నువ్వే అభ్యంతరమా? ఏ కారణంతో?"

"ఆవిడ మంచికేనండీ."

"కూర్చోరా," అంది మార్లిస్ మెల్లగా. "ప్రమాణం చేసి కూర్చున్నాను. ఊరగాయ పెట్టింది నేను కాదు. ఆర్విడ్. వాళ్ళమ్మ పద్ధతి. తిరునాళ్ళలో ఆడవాళ్ళ విభాగం ఒక్కటే ఉండేది. మగవాళ్ళకు ఉన్నా, పదిమందిలో తన పేరు పిలిస్తే ఆయన అక్కడికక్కడే పడిపోతాడు. అందుకని నా పేరుతో పంపాం. పదకొండు రిబ్బన్లూ ఆయనవే. నేను మూతలు బిగించేదాన్ని."

ఆఖరి వరుసలో కుర్చీ కిర్రుమంది. ఆర్విడ్ రింగ్‌డాల్ లేచి నిలబడ్డాడు.

"మూతలు బాగా బిగిస్తుంది," అన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

జనెల్ అది కూడా రాసింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆరుగురు లోపల నలభై నిమిషాలున్నారు. ఎవరు పెట్టారన్నది కాదు, షాపులో కొన్నదన్న మాట నిజమా కాదా అన్నదే ప్రశ్న, అది పచ్చి అబద్ధం అని ఆరుగురూ ఒక్కమాట మీద చెప్పారు. నష్టపరిహారం ఒక్క డాలరు, ఆపైన రేడియోలో క్షమాపణ.

సోమవారం పొద్దున డోడీ క్షమాపణ చదివింది. గొంతులో తేనె లేదు, అయినా మనస్ఫూర్తిగానే చదివింది. చదివాక, డోడీ డోడీయే కదా, ఆర్విడ్ గారిని తన కార్యక్రమానికి రమ్మని పిలిచింది. అందరూ ఆశ్చర్యపోయేలా ఆయన వెళ్ళాడు. మార్లిస్ స్టూడియో బయట కూర్చుని చెయ్యి ఊపుతూ ధైర్యం చెప్పింది. లోవెల్ ఆఫీసు మూసేసి మరీ విన్నాడు. ఆ పొద్దున కౌంటీలో ప్రతి వంటింట్లోనూ ఎవరో ఒకరు పెన్నూ కాగితం పట్టుకుని కూర్చున్నారు.

"ఉప్పెంత వేస్తారు ఆర్విడ్ గారూ?" అడిగింది డోడీ.

చాలాసేపు ఏమీ వినపడలేదు. రేడియో పాడైందేమోనని కొందరు దాన్ని తట్టి చూశారు.

"సరిపడా," అన్నాడు ఆర్విడ్.

"వెనిగర్?"

"సరిపడా."

"మరి ఎన్నాళ్ళు ఊరనివ్వాలి?"

"ఊరేదాకా."

కార్యక్రమం చాలా బాగుందని అందరూ ఫోన్లు చేశారు. ఆ ఏడాది హాల్‌గ్రిమ్ కౌంటీలో నలభై ఇళ్ళలో ఊరగాయ బూజు పట్టింది.